పాదం మునగని నీళ్లు

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఇంట్లో ఆడవాళ్లకు రెండు పనులు ఒకేసారి మీద పడతాయి కదండీ. ఒకటి ఆవకాయ, రెండు పిల్లలు. ఆవకాయ ఒకసారి జాడీలోకి ఎక్కి, మూతికి గుడ్డ కడితే ఇక దాని గొడవ ఉండదు. పిల్లలు అలా కాదు. పొద్దున పది కాకముందే "అమ్మా, నీళ్లల్లో ఆడుకుంటాం" అని కొంగు పట్టుకుంటారు. మీరేం జవాబు చెబుతారో గానీ, నేను మాత్రం నలభై ఏళ్లపాటు ఒక్క మాటే చెప్పాను. "వద్దు."

ఎందుకు వద్దో నా పిల్లలకు చాలా ఏళ్లు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా పుట్టిల్లు తాండూరు. అత్తగారిల్లు వికారాబాదు. మధ్యన నలభై కిలోమీటర్లు, అటూ ఇటూగా. రైలెక్కి కూర్చుంటే తెచ్చుకున్న పల్లీలు అయిపోయేలోపల దిగొచ్చు. తాండూరు పేరు చెబితే మీలో చాలామందికి కందిపప్పు గుర్తొస్తుంది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తొందరగా ఉడుకుతుంది, రుచి సరే సరి. కానీ మా ఊరికి ఇంకో పేరు నేలకింద నుంచి వచ్చింది. మీ వంటింట్లోనో, వరండాలోనో నీలంగానో పసుప్పచ్చగానో నాపరాళ్లు పరిచి ఉంటే, అవి మావైపు నుంచి వచ్చినవే అయ్యుండొచ్చు. షాబాద్ బండలంటారు, తాండూరు బండలంటారు. వేసవిలో మధ్యాహ్నం పూట ఆ బండలమీద తడిగుడ్డ పెట్టి తుడిచి, చెంప ఆనించి పడుకుంటే ఏ కూలరూ అక్కర్లేదు. మా అమ్మ అన్నం పెట్టాక మా ముగ్గురినీ అలాగే పడుకోబెట్టేది. అన్నయ్య ఒక పక్క, నేనొక పక్క, మధ్యలో తమ్ముడు.

నాపరాయి నేలలో పొరలు పొరలుగా ఉంటుంది, పుస్తకంలో కాగితాల్లాగా. పైపొర తీసి, దానికింది పొర తీసి, అలా దిగుతూ పోతారు. ఇక రాయి బాగా రాకపోతేనో, నీళ్లు ఊరితేనో ఆ గుంతను వదిలేసి పక్కన ఇంకోటి మొదలుపెడతారు. వదిలేసిన గుంతలో వాననీళ్లు, ఊటనీళ్లు చేరతాయి. పైనుంచి చూస్తే ఆ నీళ్లు ఎంత బాగుంటాయో! పచ్చగా, నీలంగా, అడుగు కనిపిస్తున్నట్టే ఉంటాయి. అందులోనే మోసం. ఒక పొరమీద నిలబడితే నడుము లోతు. పిల్లవాడు ధైర్యంగా ఇంకో అడుగు వేస్తాడు. అక్కడ పొర ఉండదు. గోడ కోసినట్టు నిట్టనిలువుగా దిగిపోతుంది. పట్టుకుని పైకి రావడానికి పాకుడు పట్టిన నున్నటి అంచు తప్ప ఇంకేమీ దొరకదు.

1979 వేసవిలో మా తమ్ముడికి పదకొండేళ్లు. నాకు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం బండలమీద పడుకున్నాం. నేను నిద్రపోయాను. అది చెప్పాలి మీకు, ఎందుకంటే ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అనకపోయినా, "నువ్వు పక్కనే ఉన్నావు గదా" అని నన్ను నేనే అనుకోని రోజు లేదు. వాడు ఎప్పుడు లేచాడో, ఎప్పుడు తలుపు గొళ్లెం తీశాడో తెలీదు. వీధిలో ఇంకో ముగ్గురు పిల్లలతో కలిసి ఊరి బయట గనివైపు పోయాడు. మిగిలిన ముగ్గురూ భయపడి, ఇంటికొచ్చి చెప్పకుండా చాలాసేపు ఎవరిళ్లల్లో వాళ్లు దాక్కున్నారు. సాయంత్రం టీ పొయ్యిమీద పెట్టాక వాళ్లలో చిన్నవాడు మా గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. వాడి నిక్కరు ఇంకా తడిగా ఉంది. ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ వాడి నిక్కరు చూసి, చేతిలో పట్టకారు అక్కడే పడేసి పరుగెత్తింది.

అంతకంటే రాయలేనండీ. వాడి చెప్పులు గట్టుమీద జతగా, నీటుగా పెట్టి ఉన్నాయట. ఎప్పుడూ గడప దగ్గర తలో దిక్కుకూ విసిరేసేవాడు.

ఆ తర్వాత మా అమ్మ నీళ్లకు దూరమైపోయింది. కాగ్నా నది మా ఊరి పక్కనే కదా, పండగలకు అందరూ వెళ్లినా తను వెళ్లేది కాదు. మా పెళ్లిళ్లయ్యాక నాన్న కాశీకి తీసుకుపోతానన్నా ఒప్పుకోలేదు. ఇంటి వెనక హౌజు ఉండేది, అందులో నీళ్లు మోకాలు దాటకుండా చూసుకునేది. స్నానం కూడా చెంబుతోనే, గబగబా. నీళ్ల చప్పుడు ఎక్కువైతే "ఎవరదీ, పంపు కట్టెయ్యండి" అని కేకేసేది.

నాకు 1985లో వికారాబాదు సంబంధం కుదిరింది. వికారాబాదు అంటే అనంతగిరి. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే అని మీరు చదివే ఉంటారు. హైదరాబాదులో ఆ నదిని చూసి ముక్కు మూసుకునేవాళ్లు ఇక్కడ దాని పుట్టుక చూస్తే నమ్మరు. పద్మనాభస్వామి గుడి కింద గుండం ఉంది. పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లి, "కాళ్లు కడుక్కో తల్లీ" అంది. నేను పైమెట్టు మీదే నిలబడి చెంబుతో నీళ్లడిగాను. ఆవిడ మనసులో ఏమనుకుందో గానీ, పైకేమీ అనలేదు. నీళ్లు తెచ్చి నా కాళ్లమీద తనే పోసింది. ఆ ఒక్క పనికి నేనావిడకు జన్మంతా రుణపడి ఉన్నాను.

పిల్లలు పుట్టాక నా భయం ఇంటికి చట్టమైంది. కోటిపల్లి చెరువుకు పిక్నిక్ అంటే వద్దు. సర్పన్‌పల్లి అంటే వద్దు. వానాకాలం అనంతగిరి వాగుల్లో కాళ్లు పెడతామంటే అసలే వద్దు. 2001లో మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడివాళ్లు అందరినీ కోటిపల్లికి తీసుకెళ్తున్నారని ఎగురుకుంటూ వచ్చింది. నేను ఆరోజు పొద్దున్నే దాని నుదుటిమీద చెయ్యి పెట్టి, "ఒళ్లు కాలుతోంది, జ్వరం" అన్నాను. జ్వరం లేదు. దానికీ తెలుసు, నాకూ తెలుసు. కొత్త డ్రెస్సు వేసుకుని రోజంతా కిటికీ దగ్గర కూర్చుంది. సాయంత్రం బస్సు తిరిగొచ్చిన చప్పుడు వినిపించినప్పుడు మాత్రం లేచి లోపలికెళ్లిపోయింది. తల్లులం మనం మంచికే చేస్తాం, ఒప్పుకుంటాను. కానీ అబద్ధం అబద్ధమే కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ అమ్మాయే పెళ్లయి అమెరికా వెళ్లి, అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరం పక్కన గిల్బర్ట్ అనే ఊళ్లో కాపురముంటోంది. ఫీనిక్స్ అంటే ఎడారి. ముళ్లచెట్లు మనిషికి రెండు మూడింతల ఎత్తున చేతులెత్తి నిలబడి ఉంటాయి. ఏడాది మొత్తానికి ఎనిమిది అంగుళాల వాన కూడా పడదు. నేను 2023 వేసవిలో వెళ్లాను. ఎండలంటే తాండూరు ఆడపిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. నా గర్వం విమానాశ్రయం తలుపు దగ్గరే అణిగింది. ఆ ఏడు జూన్ 30 నుంచి జులై 30 దాకా, వరుసగా ముప్ఫై ఒక్క రోజులు అక్కడ పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. ఆ ఊరి చరిత్రలో అదే రికార్డు. మనకు రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, కార్తె పదిహేను రోజుల్లో పోతుంది కదా. అక్కడ నెలంతా రోహిణికార్తే. రోడ్డుమీద చెప్పులు లేకుండా అడుగుపెట్టి, కాళ్లు కాలి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

మనవడికి అప్పుడు నాలుగేళ్లు. ఇంట్లో ఏసీ కింద ఎంతసేపుంటాడు? ఒక శనివారం పొద్దున మా అమ్మాయి తువ్వాళ్లు సంచిలో సర్దుతూ, "అమ్మా, పార్కుకు పోదాం. వీడు నీళ్లల్లో ఆడుకుంటాడు" అంది.

నా నోట్లోంచి పాతమాటే వచ్చింది. "వద్దు."

అది సర్దడం ఆపి నావైపు చూసింది. "అమ్మా, మామయ్య సంగతి నాకు తెలుసు. అమ్మమ్మ చెప్పింది, నా పెళ్లికి ముందు. నువ్వు చెబుతావని ఇన్నేళ్లు చూశాను. నీ భయం నాకొచ్చింది. ముప్ఫై అయిదేళ్లొచ్చినా నేను మెడలోతు నీళ్లల్లో నిలబడలేను. వీడికి మాత్రం రానియ్యను" అంది. గట్టిగా కాదు, మెల్లగానే అంది. నేను మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాను.

కారులో దారిపొడుగునా నేను ఒక చెరువునో, ఈతకొలనునో ఊహించుకుంటూ కూర్చున్నాను. దిగి చూస్తే చెరువూ లేదు, కొలనూ లేదు. పెళ్లిపందిరి వేసేంత జాగాలో గరుకుగా ఉన్న గచ్చు. అంతే. నీళ్లెక్కడే అని అడిగేలోపల మా మనవడు పరుగెత్తి ఒక స్తంభం మీద చెయ్యి పెట్టాడు. గచ్చులోంచి ఒక్కసారిగా పది పదిహేను చోట్ల నీళ్లు పైకి లేచాయి. ఒకచోట సన్నగా, ఇంకోచోట గొడుగులాగా, మరోచోట అటునుంచి ఇటు ఎగిరి దూకుతూ. పిల్లలు కేకలు! కొంతసేపటికి అవే ఆగిపోయాయి. మళ్లీ ఎవరో చెయ్యి పెట్టారు, మళ్లీ లేచాయి. నేను చూసింది మాత్రం పైకెగిరే నీళ్లను కాదండీ. కిందికి చూశాను. పడ్డ నీళ్లు పడ్డట్టే వాలులో జారి, జాలీలోకి వెళ్లిపోతున్నాయి. ఎక్కడా నిలవడం లేదు. వేలెడు లోతు కూడా లేదు. పిల్లల పాదాలు కూడా మునగడం లేదు.

దీన్ని అక్కడ స్ప్లాష్ ప్యాడ్ అంటారట. గిల్బర్ట్ రీజనల్ పార్కు అని 2019లో తెరిచిన పెద్ద పార్కులోది ఇది. ఇలాంటివి ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో చాలా ఉన్నాయి.

మా అల్లుడు ఇలాంటి విషయాలు ఓపిగ్గా చెబుతాడు. "అత్తమ్మా, ఈ నీళ్లు కింద ఒక ట్యాంకులోకి పోతాయి. అక్కడ వడపోసి, క్లోరిన్ కలిపి మళ్లీ పైకి పంపిస్తారు. కొన్నిచోట్ల అతినీలలోహిత కాంతి కూడా వాడతారు. ఇంకొన్నిచోట్ల ఒకసారి వాడిన నీళ్లను చెట్లకు మళ్లిస్తారు" అన్నాడు. ఎడారిలో ఈ విలాసమేమిటి నాయనా, నీళ్లెక్కడివీ అని అడిగాను. బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం ఎదురుచూసిన వికారాబాదు మనిషిని, అడగకుండా ఎలా ఉంటాను? కొంత దగ్గరి నదుల నుంచి, కొంత ఎక్కడో పారే కొలరాడో నది నుంచి అన్నాడు. కొలరాడో నీళ్లు తేవడానికే అయిదు వందల కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారట. ఆ నదిలో ఇప్పుడు నీళ్లు తగ్గుతున్నాయని వాళ్లకూ దిగులే. అందుకే స్తంభం మీద చెయ్యి పెడితేనే నీళ్లు, లేకపోతే లేవు. ఇళ్ల వెనక ఎవరి ఈతకొలను వాళ్లు నింపుకునే కంటే ఇది ఎంతో నయం అనిపించింది నాకు.

ఆ ఇళ్ల కొలనుల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం నీళ్లల్లో మునగడమేనట. రోగాలూ కాదు, కారు ప్రమాదాలూ కాదు. అరిజోనాలో చిన్నపిల్లలున్న ఇంట్లో కొలను ఉంటే చుట్టూ అయిదడుగుల కంచె ఉండాలని చట్టమే ఉంది. మన దేశంలో ఏటా ముప్ఫై వేలమందికి పైగా నీళ్లల్లో పోతున్నారు. ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ను నీటమునిగే ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ తేదీ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో మనలో ఎవరికైనా తెలుసా? నాకూ అక్కడికి వెళ్లాకే తెలిసింది.

సరే, పార్కులోకి వద్దాం. నేను బెంచీమీద కూర్చున్నాను. పక్కన గుంటూరు వైపు ఆవిడ, ఆవిడా మనవరాలి కోసం వచ్చిందే, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, "రండి వదినగారూ, ఇక్కడ మనల్ని చూసేవాళ్లెవరు!" అని గచ్చుమీదికి నడిచింది. నేను కదల్లేదు. మా మనవడు వచ్చి నా వేలు పట్టుకున్నాడు. తడిచెయ్యి. చల్లగా ఉంది. "అమ్మమ్మా, దా!" అన్నాడు. ఆ పిల్లవాడి తడి నిక్కరు చూసేసరికి నాకు గుండె జారింది. 1979లో మా గడప దగ్గర నిలబడ్డ ఆ నిక్కరే కళ్లముందుకొచ్చింది. కానీ వీడు నవ్వుతున్నాడు. మీరేమనుకున్నా సరే, నేను లేచాను. పాదాల మీద మొదటి చుక్క పడ్డప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి మా అమ్మాయి సెల్‌ఫోనులో ఫొటో తీస్తోంది, ముఖం పక్కకు తిప్పుకుని.

అన్నీ మంచే రాస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా, పిల్లలు మింగకూడదు. ఇంతమంది పిల్లలమీదుగా పోయిన నీళ్లే మళ్లీ వస్తాయి కదా. కొన్ని రకాల విరేచనాల క్రిములు క్లోరిన్‌కు కూడా తొందరగా చావవట. శుభ్రత చూడనిచోట పిల్లలు జబ్బుపడ్డ సందర్భాలు అమెరికాలోనే ఉన్నాయి. అందుకే విరేచనాలవుతున్న పిల్లల్ని దింపొద్దనీ, పసివాళ్లకు నీళ్ల ఆటకు పనికొచ్చే లంగోటాలే కట్టాలనీ నియమాలు. గచ్చు తడవనిచోట పెనంలా కాలుతుంది కాబట్టి కాళ్లకు రబ్బరు చెప్పులుండాలి. ఇక మునగరు కదా అని తల్లులు ఫోను చూస్తూ కూర్చుంటే, పిల్లలు ఒకరినొకరు గుద్దుకుని పళ్లు రాలగొట్టుకుంటారు. నా కళ్లముందే ఒకడి పెదవి చిట్లింది.

మా అమ్మాయి ఇంకో కబురు చెప్పింది. న్యూయార్కులో ఎండలు మండితే వీధుల్లో మంటలార్పే నీళ్ల గొట్టాలను పిల్లలు తిప్పేసి ఆడుకునేవారట. అలా వదిలితే నిమిషానికి వెయ్యి గ్యాలన్ల దాకా నీళ్లు పోతాయి. వద్దంటే పిల్లలు మానతారా? ఇప్పుడు అడిగినవాళ్లకు ఆ నగరం వాళ్లే చిల్లుల మూత బిగించి పెడతారట. అప్పుడు నిమిషానికి పాతిక గ్యాలన్లు మించవు. ఎండాకాలంలో పిల్లలు నీళ్లల్లోకి పోక మానరని ఆ ఊరివాళ్లు ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోవడానికి నలభై నాలుగేళ్లు పట్టింది.

2024 మే నెలాఖర్లో మా అమ్మాయి పిల్లవాణ్ని తీసుకుని వికారాబాదు వచ్చింది. అచ్చం రోహిణికార్తె. వాడు దిగీ దిగగానే, "అమ్మమ్మా, ఇక్కడ స్ప్లాష్ ప్యాడ్ ఎక్కడుంది?" అన్నాడు. నేను, "మన ఇంట్లోనే ఉంది" అనేశాను. నోరు జారాక తప్పుతుందా?

మా వారు పాత తోటపైపు తీసుకొచ్చారు. ఒక చివర మడిచి తీగెతో బిగించి కట్టాం. దబ్బనం పొయ్యిమీద ఎర్రగా కాల్చి జానెడుకొకటి చొప్పున పైపుకు చిల్లులు పొడిచాం. పెరట్లో బండలమీద పరిచి మేడమీది ట్యాంకు కుళాయికి తగిలించాం. ఏముంది, నీళ్లు బెత్తెడు ఎత్తు కూడా లేవలేదు. ఒకే అంతస్తు ఇల్లు, ఒత్తిడి ఎక్కణ్నుంచి వస్తుంది? మనవడు దానివైపు, నావైపు చూశాడు. అప్పుడు మా పనిమనిషి, "అమ్మా, కింద ఎందుకు, బట్టలారేసే తాడుకు కట్టండి, వానలెక్క పడ్తది" అంది. అమెరికా చూసొచ్చిన నా తెలివికంటే ఆమె తెలివే పనికొచ్చింది. తాడుకు చుట్టి కట్టేసరికి పిల్లవాడి తలమీద సన్నటి జల్లు. వీధిలో పిల్లలు గోడమీద నుంచి తొంగిచూసి, మర్నాటికి ఏడుగురు చేరారు.

మీ ఇంట్లో చేసుకోవాలంటే నా చేతిలో అయిన పొరపాట్లు ముందే చెబుతాను. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి. ఆ నీళ్లు పోయి, చేతికి చల్లగా తగిలేదాకా పిల్లల్ని కిందికి పంపొద్దు. పాలిష్ పట్టిన బండలమీద అసలే వద్దు, జారి తల పగులుతుంది. గరుకు బండలైనా, పాకుడు ఉంటే ముందురోజే బ్లీచింగు చల్లి, రుద్ది, బాగా కడిగేయాలి. నాకు మొదటిరోజు తోచలేదు, ఒకడు వెల్లకిలా పడ్డాడు. గోనెసంచులు తడిపి పరిస్తే ఇంకా మంచిది. పెరట్లోకి కూలరు తిరిగి ఉంటే ప్లగ్ పీకేయండి, స్విచ్ కట్టేస్తే చాలదు. తడిచేతుల పిల్లలు, ఇనుప కూలరు, ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం కదా. బోరు మోటారు స్విచ్ కూడా అంతే. సంపు మూత వేసి, పైన బరువు పెట్టండి. బకెట్లలో, గంగాళాల్లో నీళ్లు మిగల్చొద్దు. నడక రాని పసివాడు తలకిందులుగా పడితే జానెడు నీళ్లు చాలు. పొద్దున తొమ్మిది లోపల, లేదా సాయంత్రం అయిదు తర్వాత, అరగంట. కుళాయి సగమే తిప్పాలి. కారిన నీళ్లకు పాది తీసి అరటిచెట్టుకూ కరివేపాకుకూ మళ్లించాను. ఆ ఏడు మా కరివేపాకు చూసి వీధంతా కుళ్లుకుంది. ఆట అయ్యాక పిల్లల ఆకలికి మాత్రం సిద్ధంగా ఉండండి. ఏడుగురికి జొన్నరొట్టెలు చేయడం నా వల్లకాక, పప్పుచారు కలిపిన అన్నం ముద్దలు చేతుల్లో పెట్టాను. తాండూరు పప్పే లెండి.

పెరడు లేనివాళ్ల మాటేమిటి అని మీరడుగుతారు. అదే నా బాధ కూడా. ఫ్లాట్లలో, కిరాయి గదుల్లో ఉండే పిల్లలకు ఈ భాగ్యం లేదు. హైదరాబాదులో జలవిహార్ లాంటివి ఉన్నాయి, కానీ టికెట్టు కొనాలి, నలుగురు పిల్లలున్న ఇల్లు ఎన్నిసార్లు కొంటుంది? మా వికారాబాదు 2016లో జిల్లా కేంద్రమైంది. చుట్టూ రిసార్టులొచ్చాయి, కోటిపల్లిలో పడవలొచ్చాయి. పట్నం నుంచి వచ్చేవాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని తిరిగి పోతారు. మా ఊళ్ల పిల్లలు మాత్రం ఇప్పటికీ మధ్యాహ్నం గొళ్లెం తీసుకుని గనులవైపే పోతారు. ఒక పార్కులో పెళ్లిపందిరంత గచ్చు, గచ్చు నిండా గరుకు తాండూరు బండలు, నాలుగు పైపులు, కింద ఒక ట్యాంకు, దాన్ని రోజూ చూసుకునే ఒక మనిషి. రాయి మా దగ్గర్నుంచే కదా పోతోంది ఊళ్లన్నిటికీ! కౌన్సిలరు ఓటడగడానికి వస్తే ఈ మాట అడగాలని పెట్టుకున్నాను. నవ్వితే నవ్వనీ.

వారం తర్వాత మా అమ్మాయి, "అమ్మమ్మను చూసొద్దాం" అంది. మా అమ్మ తాండూరులో అన్నయ్య దగ్గర ఉంటుంది. ఎనభై రెండేళ్లు. మనవడు పైపు తేకుండా రానన్నాడు. నేను నా బిడ్డకు కళ్లతో సైగ చేశాను, అక్కడ వద్దని. అది చూడనట్టే పైపు చుట్టి సంచిలో పెట్టింది. రైల్లో ఆ సంచి నా ఒళ్లోనే ఉంది. నలభై కిలోమీటర్లు నాలుగు వందల కిలోమీటర్లయ్యాయి.

సాయంత్రం అన్నయ్యా, మనవడూ కలిసి పెరట్లో జామచెట్టుకూ తాడుకూ మధ్య పైపు కట్టారు. అమ్మ లోపల మంచం మీద ఉంది. కుళాయి తిప్పగానే చప్పుడు మొదలైంది. నేను వంటింట్లో నిలబడి ఆ కేక కోసం ఎదురుచూస్తున్నాను, "ఎవరదీ, పంపు కట్టెయ్యండి" అని. కేక రాలేదు. కర్ర టకటకలు వినిపించాయి. అమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. వాడు చేతులు చాపి జల్లు కింద గిరగిర తిరుగుతున్నాడు. చెప్పులు తలో దిక్కూ పడున్నాయి.

అమ్మ చాలాసేపు నేలకేసి చూసింది, పిల్లవాడికేసి కాదు. నేను గిల్బర్ట్‌లో చూసినట్టే. నీళ్లు బండలమీద నుంచి జారి, జామచెట్టు పాదులోకి పోతున్నాయి. ఎక్కడా నిలవడం లేదు.

"ఇంతేనా బిడ్డా నీళ్లు?" అంది.

"ఇంతేనమ్మా."

మా అన్నయ్య కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మ కూర్చుని, చీర అంచు కొద్దిగా పైకి లాక్కుంది. పాదాలు బయటికి పెట్టింది. జల్లు అక్కడిదాకా అందడం లేదు. కాసేపు ఊరుకుని, కర్రతో పైపువైపు చూపించి మనవరాలి కొడుకును పిలిచింది.

"చిన్నోడా, గా పైపు జెర ఇటు జరుపు."